పాట మధ్యలో స్టీరియో రిసీవరు దానంతట అదే ఆగిపోతుంటే ఏం చేయాలి?

శ్రీకాకుళంలో మా పెద్దనాన్న ఇంట్లో పాత స్టీరియో రిసీవరు ఒకటుంది. పొద్దున కాఫీతో పాటు ఆయనకి పాటలు కూడా ఉండాలి. ఆ మధ్య పల్లవి అయి చరణం అందుకునేలోపే లోపల ‘టక్’మని చప్పుడు, వెంటనే లైటు ఆరిపోవడం మొదలైంది. మళ్లీ బటన్ నొక్కితే కాసేపు పాడేది, మళ్లీ టక్. నాలుగు రోజులు అలాగే నెట్టుకొచ్చి నాకు ఫోన్ చేశారు. “ఒరే నాన్నా, దీని పని అయిపోయినట్టుందిరా. పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామా?”

వెళ్లి షోకేసు ముందుకి జరిపి, వెనక టార్చి వేసి చూశాను. ఎర్ర టెర్మినల్‌లో బిగించిన స్పీకరు వైరు నుంచి తల వెంట్రుకంత రాగి పోగు ఒకటి బయటికొచ్చి, పక్కనున్న నల్ల టెర్మినల్ వైపు వంగి ఉంది. బేస్ గట్టిగా వచ్చినప్పుడల్లా షోకేసు అదిరి, ఆ పోగు వెళ్లి నల్లదానికి తగులుతోంది. దాన్ని సరిచేశాక సెట్టు మళ్లీ ఆగలేదు.

ఆ టక్‌మనే చప్పుడు రిలేది, అంటే లోపల కరెంటుతో పనిచేసే ఒక స్విచ్చుది. కరెంటు మరీ ఎక్కువగా లాగుతున్నా, లోపల వేడి పెరిగినా, స్పీకర్లకి వెళ్లే లైనులో డీసీ వోల్టేజి (బ్యాటరీలోలా ఒకే దిశలో ఉండేది) కనబడినా ప్రొటెక్షన్ సర్క్యూట్ రిలేని వదిలేసి సెట్టుని ఆపేస్తుంది. తనను, మీ స్పీకర్లను కాపాడుకోవడానికే అలా చేస్తుంది. కాబట్టి ఆగిన ప్రతిసారీ పట్టుబట్టి ఆన్ చేయకండి. పోగుతో తీరే సమస్య, స్పీకర్లని నడిపే ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ల దాకా పోతుంది.

ముందు ఒక చీటీ తీసుకుని ఎప్పుడు ఆగుతోందో రాయండి. ఆన్ చేయగానేనా? వాల్యూమ్ పెంచినప్పుడా? అరగంట పాడాకా? సాయంత్రం పూటేనా? సగం జవాబు ఆ చీటీలోనే దొరుకుతుంది.

పాట ఆపి పక్కన పెట్టాక మాత్రమే ఆగుతుంటే అది రిపేరు కాకపోవచ్చు. ఈమధ్య వచ్చిన చాలా మోడళ్లలో సిగ్నల్ లేకపోతే కొంతసేపటికి దానంతట అదే ఆగే ఆటో స్టాండ్‌బై ఉంటుంది, స్లీప్ టైమరూ ఉంటుంది. మెనూలో రెండూ ఆపి చూడండి.

వైర్ల పని

ఎక్కువసార్లు తేడా ఇక్కడే ఉంటుంది, అందుకే దీనికి ఓపిగ్గా ఒక గంట కేటాయించండి. ప్లగ్గు పీకేసి పది నిమిషాలు ఆగండి. వెనక భాగాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకోండి, తర్వాత ఏది ఎక్కడో వెతుక్కోనక్కర్లేదు. ఇప్పుడు స్పీకరు వైర్లన్నీ విప్పేసి, స్పీకర్లు లేకుండానే సెట్టు ఆన్ చేసి అరగంట వదిలేయండి. నిలకడగా ఉంటే తేడా వైర్లలోనో స్పీకర్లలోనో ఉండే అవకాశం ఎక్కువ. ఖాళీగా ఉన్నా ఆగిపోతే లోపలి పార్టులదో, కరెంటు సరఫరాదో. (ఇది ట్రాన్సిస్టరు సెట్లకి మాత్రమే. పాత వాల్వుల యాంప్లిఫయరుని స్పీకరు లేకుండా ఆన్ చేయకండి, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు దెబ్బతింటుంది.)

తర్వాత వైర్ల కొసలు చూడండి. సముద్రానికి దగ్గర్లో ఉప్పుగాలికి రాగి త్వరగా నల్లబడి, పచ్చగా చిలుము పడుతుంది. మెరిసే రాగి కనబడేదాకా కోసేసి, కొత్తగా ఒక సెంటీమీటరు తొడుగు తీయండి. పోగులన్నీ కలిపి వేళ్లతో గట్టిగా మెలిపెట్టి లోపలికి దూర్చండి. బిగించాక టెర్మినల్ బయట రాగి కనబడకూడదు. వేలితో మెల్లగా లాగి చూడండి, కదలకూడదు. గోడవారగానో పైకప్పు పక్కనుంచో వెళ్లిన వైరుని ఎలుక కొరికిందేమో పొడవునా చూడండి.

ఇప్పుడు ప్లగ్గు తీసి ఒక స్పీకరు మాత్రమే కలపండి, వాల్యూమ్ తగ్గించి ఆన్ చేయండి. పదిహేను నిమిషాలు పాడాక మళ్లీ ఆపి, రెండోది కలపండి. ఏది కలిపినప్పుడు ఆగితే దాని వైరో స్పీకరో చెడిందన్నమాట. మల్టీమీటరుంటే ఆ స్పీకరుని విడిగా కొలవండి. 8 ఓంల స్పీకరు 6, 7 ఓంల దగ్గర చూపించడం మామూలే. ఒకటో సున్నానో చూపిస్తే లోపలి కాయిల్ షార్టయినట్టే.

సెట్టు వెనక ఎన్ని ఓంల స్పీకర్లు పెట్టాలో రాసి ఉంటుంది. హాల్లో ఒక జత, మేడ మీద ఒక జత పెట్టి రెండూ ఒకేసారి ఆన్ చేస్తే, చాలా సెట్లలో 8 ఓంలవి రెండూ కలిసి 4 ఓంలవుతాయి. ఓంలు తగ్గితే సెట్టు మీద కరెంటు భారం పెరుగుతుంది, అందుకే కనీసం 6 ఓంలు ఉండాలని రాసిన సెట్టు వాల్యూమ్ పెంచగానే ఆగిపోవచ్చు. ఒక జతే వాడి చూడండి.

వేడి

అరగంటో ముప్పావుగంటో పాడి ఆగి, చల్లారాక మళ్లీ మామూలుగా పాడుతుంటే వేడి అనుకోవచ్చు. మన ఇళ్లలో టీవీ మీద, ఫ్రిజ్ మీద కుట్టుపని చేసిన గుడ్డ పరుస్తాం కదా, దాన్ని దీని మీద వేయొద్దు. పైన ఉన్న ఆ సన్నటి రంధ్రాల్లోంచే వేడి బయటికి పోవాలి. పైన కనీసం నాలుగంగుళాలు ఖాళీ ఉంచండి, షోకేసు అద్దాలు తీసేయండి. సెట్‌టాప్ బాక్సుని కూడా దాని నెత్తిన పెట్టొద్దు. అనుమానం తీరాలంటే టేబుల్ ఫ్యాను తెచ్చి సెట్టు వైపు తిప్పండి. ఆగకుండా పాడిందంటే కారణం వేడే. ప్లగ్గు తీసి, మెత్తటి బ్రష్షుతో రంధ్రాల దుమ్ము దులపండి.

కరెంటు

సాయంత్రం పూటే ఆగుతూ, అదే సమయంలో ఫ్యాను నెమ్మదిస్తుంటే వోల్టేజి పడిపోతోందని అర్థం. స్టెబిలైజరు మీటరు చూస్తే తెలుస్తుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసేసి నేరుగా గోడ ప్లగ్గులో పెట్టి చూడండి, వదులుగా ఉన్న సాకెట్టు కూడా ఇదే పని చేస్తుంది.

అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన సెట్టయితే వెనక 120 వోల్టులని ఉందేమో చూడండి. మన 230 వోల్టులకి నేరుగా పెట్టారో, సెట్టు కాలిపోతుంది. సెట్టు వాట్ల కంటే పెద్ద స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరే కావాలి, ప్రయాణాల్లో వాడే చిన్న కన్వర్టరు సరిపోదు. అక్కడి కరెంటు 60 హెర్ట్‌జ్, మనది 50. 60కి మాత్రమే తయారైన ట్రాన్స్‌ఫార్మరు ఇక్కడ కాస్త ఎక్కువ వేడెక్కుతుంది కాబట్టి దానికి గాలి ఇంకా బాగా ఆడాలి.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు జిల్లాలో చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లోనే ఉన్నాయి. అలాంటప్పుడు ముందే ప్లగ్గు పీకేయండి. కరెంటు వచ్చాక లైట్లు నిలకడగా వెలుగుతున్నాయో లేదో చూసి అప్పుడు పెట్టండి. సెట్టు తడిసి ఉంటే ఆన్ చేయనే వద్దు, మెకానిక్కి ఇవ్వండి.

ఇక మెకానిక్ పని

స్పీకర్లు లేకుండా, మంచి వోల్టేజిలోనూ ఆగుతుంటే, కాలిన వాసన వస్తుంటే, ఫ్యూజు పదేపదే పోతుంటే మూత మీరు తీయకండి. ప్లగ్గు పీకాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉంటుంది. ఫ్యూజు బదులు వైరు ముక్క పెట్టడం, ఎక్కువ ఆంపియర్లది వేయడం అసలు వద్దు, ఇల్లు అంటుకుంటుంది.

మెకానిక్‌ని సెట్టు నేరుగా ఆన్ చేయొద్దని, ముందు సిరీస్ బోర్డులో (సెట్టుకి వెళ్లే కరెంటు ఒక బల్బు గుండా వెళ్లే బోర్డు) వంద వాట్ల పాత రకం ఫిలమెంటు బల్బుతో చూడమని అడగండి. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే మంచిదే, నిండుగా వెలుగుతూ ఉండిపోతే లోపల షార్టుంది. స్పీకరు టెర్మినళ్ల దగ్గర డీసీ వోల్టేజి ఎంతో కూడా కొలవమనండి. కొన్ని పదుల మిల్లీవోల్టులు మామూలే. వోల్టులలో ఉంటే ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు చూడాలి. రంధ్రాల్లోంచి దూరిన బల్లి బోర్డు మీద చచ్చి షార్టు చేసిన సెట్లు కూడా ఉంటాయి, కాబట్టి ఏదీ మార్చకముందే బోర్డు మొత్తం ఒకసారి చూడమని చెప్పండి. మార్చిన పార్టులు అడిగి తీసుకోండి.

మీరు రాసుకున్న చీటీ కూడా సెట్టుతో పాటే ఇవ్వండి.