సకినాలకు ముందు దవడకు గ్రాఫ్ట్ వేయించుకుంటే

పన్ను పీకిన గుంతలోనో, ఇంప్లాంట్ (దవడ ఎముకలో బిగించే కృత్రిమ పంటి వేరు) పెట్టాల్సిన చోటో ఎముక పొడి వేసి కుట్లేస్తే, అంటే గ్రాఫ్ట్ వేస్తే, నొప్పి వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. ఎముక కట్టుకోవడానికి మాత్రం మామూలుగా 4–6 నెలలు కావాలి. నొప్పి పోయిందని తిండి మొదలుపెట్టి చాలామంది పాడుచేసుకునేది ఈ మధ్యకాలంలోనే. సంక్రాంతి పూట సకినాల డబ్బా ఎదురుగా ఉంటే ఇక చెప్పేదేముంది!

మొదటి 24 గంటలు పొడిని పట్టి ఉంచేది గడ్డకట్టిన రక్తమే. గట్టిగా ఉమ్మినా, పుక్కిలించినా, స్ట్రాతో పీల్చినా అది లేచిపోతుంది. హనుమకొండలో చేయించుకొని ములుగు, భూపాలపల్లి బస్సెక్కేవాళ్లు కిటికీలోంచి దారంతా ఉమ్ముకుంటూ పోవద్దు. గాజుగుడ్డను 30–45 నిమిషాలు కొరికి పట్టి, రక్తం ఆగిందని డాక్టర్‌కు చూపించాకే బయల్దేరండి. ఉమ్మిలో ఎర్రటి చార కనిపిస్తే మింగేయండి, అది మామూలే.

వాపు రెండో, మూడో రోజుకు పెరిగి ఆ తర్వాత దిగుతుంది. మొదటిరోజు గుడ్డలో చుట్టిన ఐసును చెంప మీద 20 నిమిషాలు ఉంచి, 20 నిమిషాలు తీయండి.

నాలుకకు రవ్వలాంటి గింజలు రెండు మూడు తగిలితే కంగారొద్దు. కుట్ల మీద పలుచటి తెల్లపొర కూడా మానుతున్న పుండుదే కావచ్చు. చీము అనుకొని దూదితో గోకితే కింది పొడి బయటపడుతుంది. అద్దం ముందు పెదవి లాగి చూసుకోవడం ఇంకా చెడ్డది, కుట్లు తెగుతాయి.

చల్లారిన జావ, మెత్తగా పిసికిన పెరుగన్నం చాలు. విరిగిన సకినం అంచు చిగురును కోస్తుంది, నువ్వులు కుట్ల కింద ఇరుక్కుంటాయి. చాయ్‌లో నానబెట్టినా నువ్వు నువ్వే. మక్కపేలాలూ అంతే. బీడీ, గుట్కా, అంబర్ పొగాకు చిగురుకు రక్తం సరిగా అందనివ్వవు, గ్రాఫ్ట్ చెడేది ఎక్కువగా అక్కడే. మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ రాసిచ్చి ఉంటే కల్లు, మద్యం ముట్టొద్దు.

షుగర్ ఉన్నా, ఎముకలు గుల్లబారాయని మాత్రలో ఇంజెక్షనో వాడుతున్నా ఆపరేషన్‌కు ముందే చెప్పాలి.

పైదవడ వెనక సైనస్ లిఫ్ట్ (ముక్కు పక్కనుండే గాలి గది అడుగుపొరను పైకి లేపి ఎముక పొడి వేయడం) అయితే చలికాలం జలుబే అసలు ముప్పు. కనీసం రెండు వారాలు ముక్కు చీదొద్దు. తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మండి. తాగిన నీళ్లు ముక్కులోంచి వచ్చాయంటే ఆరోజే చూపించుకోవాలి.

నాలుగో రోజు తర్వాత వాపు పెరిగినా, జ్వరం, చీము, దుర్వాసన వచ్చినా, మర్నాటికీ పెదవి మొద్దుబారే ఉన్నా ఆగొద్దు. పాత పళ్లసెట్టును డాక్టర్ సరిచేసిచ్చేదాకా ఆ చోట పెట్టొద్దు, దాని ఒత్తిడికి పొడి అణిగిపోతుంది.