రెండు రోజుల నగర యాత్రకు తోడుగా ఒక కథ, కొన్ని పాటలు, ఒక మంచి మాట

రెండు రోజుల కోసం ఏదైనా నగరానికి వెళ్లేటప్పుడు, చూడవలసిన స్థలాల జాబితా కంటే ముందుగా, ఆ నగరంలోనే కథ నడిచే ఒక సినిమానో నవలనో ఎంచుకోవాలి. ఎందుకంటే తెరమీద చూసిన వంతెన మీదుగా, పుటల్లో చదివిన వీధి వెంట స్వయంగా నడిచినప్పుడు కలిగే ఆత్మీయతను ఏ కరపత్రమూ ఇవ్వలేదు. సిఫారసులను అపరిచితుల రేటింగుల నుంచి కాక, మీ అభిరుచి బాగా తెలిసిన ఒకరిద్దరు మిత్రుల నుంచి తీసుకోండి. పాటలను, మ్యాపును బయలుదేరక ముందే ఫోనులో డౌన్‌లోడ్ చేసుకోండి. చాలా నగరాల్లో మ్యూజియాలకు సోమవారం సెలవు ఉంటుంది కనుక, ఆ రోజును నడకకు కేటాయించండి. దారిలో మనసుకు హత్తుకున్న వాక్యం కనిపిస్తే, దానిని ఫొటో తీసి వదిలేయకుండా చిన్న నోటు పుస్తకంలో చేత్తో రాసుకుని, తేదీని, మీరు నిలబడిన చోటును కూడా పక్కన చేర్చండి. నాకు ఏళ్ల తర్వాత కూడా గుర్తున్నవి అలా రాసుకున్న మాటలే.