మట్టి పళ్లెం మీద మోనే సూర్యోదయం - 4వ పాఠం: ఊడిపోయిన సూర్యుడు

ఫ్రెంచ్ చిత్రకారుడు క్లోద్ మోనే వేసిన సూర్యోదయ చిత్రాన్ని స్లిప్‌తో, అంటే నీళ్లలో చిక్కగా కలిపిన రంగు మట్టితో, పళ్లెం మీద వేస్తున్నాం కదా. పోయిన పాఠం చూసి చేసిన పళ్లాల్లో పొగమంచు బాగా వచ్చింది, పడవలూ నిలిచాయి. ఊడిపోయింది సూర్యుడొక్కడే. ఒకరి పళ్లెంలో అంచులు లేచి, వేలు తగలగానే పెచ్చులా చేతిలోకి వచ్చేశాడు. అందుకే ఈ వారం గ్లేజ్ (కాల్చాక గాజులా మారే పైపూత) పాఠం జోలికి పోవడం లేదు.

"సూర్యుణ్ణి ఆఖరున వేయండి" అని రాసి, ఎంతసేపట్లోగా వేయాలో చెప్పలేదు. అది నా పొరపాటే. మీరు ఆకాశం, నీళ్లు వేసి, భోంచేసి వచ్చి సూర్యుణ్ణి పెట్టారు. అప్పటికి పళ్లెం ఎండిపోయింది.

మట్టి ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది. ఎండిన పళ్లెం తగ్గాల్సినంతా అప్పటికే తగ్గిపోయి ఉంటుంది. దాని మీద పెట్టిన తడి స్లిప్ తర్వాత ఒంటరిగా తగ్గుతుంది. కిందిది కదలదు, పైది లాగుతుంది, అంచులు లేస్తాయి. పల్చటి పొగమంచు ఆ లాగుడుకు తట్టుకుంటుంది, మందపాటి సూర్యుడు తట్టుకోడు. ఎండిన పళ్లెం మీద నీళ్లు చల్లి వేశామని కొందరన్నారు. దయచేసి అలా చేయకండి. పైపొర ఉబ్బి, లోపలి మట్టి ఉబ్బక, పళ్లెమే బీటలిస్తుంది. స్లిప్‌లో బంక కలిపినా లాభం లేదు. బంక ఆవంలో కాలిపోతుంది, సూర్యుడు అక్కడ రాలుతాడు.

సూర్యుణ్ణి వేసే వేళకు పళ్లెం ఇలా ఉండాలి: గోరుతో నొక్కితే గీత పడాలి, వేలితో నొక్కితే సొట్ట పడకూడదు. మణికట్టుకు ఆనిస్తే చల్లగా తగలాలి. నేను గడియారం చూడను, మణికట్టునే నమ్ముతాను. మట్టి రంగు పాలిపోయిందంటే ఆలస్యమైనట్టే. ఫ్యాన్ కింద పెట్టకండి. మధ్యలో లేవాల్సి వస్తే ప్లాస్టిక్ కవర్ కప్పి లేవండి.

మందంగా వేయడం తప్పు కాదు. 1870లలో ఫ్రాన్స్‌లో ఎర్నెస్ట్ షాప్లే అనే మట్టిపాత్రల కళాకారుడు రంగు స్లిప్‌నే నూనె రంగుల్లా చిక్కగా పూసి పాత్రల మీద చిత్రాలు వేశాడు. దాన్ని బార్బొటీన్ అంటారు. కానీ మీరు మందంగా వేసింది సూర్యుడు వెలగాలని. మోనే 1872లో లె హావ్ర్ రేవును చూసి వేసిన ఆ చిత్రాన్ని ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి. సూర్యుడు దాదాపు మాయమైపోతాడు! ఆకాశం కంటే అతనిలో వెలుగు ఎక్కువేమీ లేదు. నీలి బూడిద రంగు పక్కన నారింజ ఉంది, అంతే. కాబట్టి మందం పెంచకండి, వెలుగు సరిపోల్చండి. గ్లేజ్ వేసి కాల్చిన నమూనా ముక్కను కూడా అలాగే బ్లాక్ అండ్ వైట్‌లో ఫోటో తీయండి. సూర్యుడు నల్లగా కనిపిస్తే నారింజలో కాస్త తెల్ల స్లిప్ కలపండి. పచ్చి స్లిప్ రంగును మాత్రం నమ్మకండి. ఎర్ర ఐరన్ ఆక్సైడ్‌తో నారింజ రాదు, గ్లేజ్ కింద గోధుమరంగుకు తిరుగుతుంది. నారింజ స్టెయిన్ (మట్టిలో కలిపే తయారు రంగు పొడి) కొనుక్కోండి. పొడి కలిపేటప్పుడు మాస్క్ తప్పనిసరి. ఈ పళ్లెం గోడకే, అన్నానికి కాదు.

అభ్యాసం: ఒకే ముద్ద నుంచి అరచేతంత ముక్కలు ఎనిమిది కోయండి. గంటకొక ముక్క మీద అదే సూర్యుణ్ణి, అంతే మందంగా పెట్టండి. ప్రతి ముక్క వెనకా అది ఎన్నో గంటదో గీకి రాయండి. అన్నీ ఎండాక, కాల్చాక ఏ గంటవాడు ఊడాడో రాసుకోండి. నీటి మీద నారింజ ప్రతిబింబం ఆ ముక్కలు పక్కన పెట్టుకునే వేయాలి.