వీడియో పైన మీ లైను రాయకండి: ఎన్నికల ముందు కొన్ని జాగ్రత్తలు

మొన్న ఆదివారం మా వీధి చివర ఉండే డిగ్రీ కుర్రాడిని స్టేషన్‌కి పిలిపించారు. వాడు ఎవరినీ కొట్టలేదు, ఏ పార్టీ జెండా పట్టలేదు. ఏదో దేశంలో బాంబు పడి కూలిన అపార్ట్‌మెంట్ వీడియో ఒకటి మా కాలనీ గ్రూపులో పెట్టాడు. పెట్టి ఊరుకోలేదు, పైన ఒక లైను రాశాడు. ఆ లైనులో మా ఊళ్ళో పోటీ చేయబోయే ఒకాయన పేరుంది, ఒక మతం పేరుంది. సాయంత్రానికి దాని స్క్రీన్‌షాట్ మూడు మండలాలు తిరిగింది. వాళ్ళమ్మ మా ఇంటికొచ్చి, "ఆ వీడియో వాడు తీసింది కాదు కదండీ, ఎవరో పంపితే పంపాడు" అని ఏడ్చింది. నిజమే, వీడియో వాడిది కాదు. లైను మాత్రం వాడిదే.

ఎన్నికల కాలం మళ్ళీ వస్తోంది. ఇటు అభ్యర్థుల పేర్లు మొదలయ్యాయి, అటు ఉక్రెయిన్, గాజా వీడియోలు ఫోన్లలో తిరుగుతూనే ఉన్నాయి. ఈ రెండూ ఒకే గ్రూపులో, ఒకే రాత్రి, ఒకే మెసేజ్‌లో కలిసినప్పుడు ఏమవుతుందో నేను దగ్గరగా చూశాను. అందుకే రాస్తున్నాను. ఓటుకు డబ్బు తీసుకోవద్దు, పోలింగ్ బూత్‌లో ఫోటో తీయొద్దు లాంటివి అందరికీ తెలుసు, వాటి జోలికి పోను.

ముందు ఆ లైను సంగతి

2024 మే. ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ 13వ తేదీన. మా చిన్నాన్న కొడుకు ప్రభుత్వ బడిలో టీచరు. పోలింగ్ డ్యూటీ ట్రైనింగ్ కూడా అయిపోయింది. ఒక రాత్రి పదకొండున్నర దాటాక, చుట్టాల గ్రూపులో వచ్చిన వీడియో చూశాడు. ఎర్రటి పొగ, దాని పక్కన ఎత్తైన తెల్లటి గోదాములు, ఉన్నట్టుండి తెల్లటి మబ్బు గోళంలా ఉబ్బడం, ఫోన్ పట్టుకున్న మనిషి వెనక్కి పడిపోవడం. "గాజాలో నిన్న రాత్రి" అని కింద ఉంది. మావాడు దాన్ని పాత విద్యార్థుల గ్రూపులోకి పంపుతూ పైన ఇలా రాశాడు: "వాళ్ళకి ఓటేస్తే రేపు మన వీధి కూడా ఇంతే." ఏడు మాటలు.

అది గాజా కాదు. 2020 ఆగస్టు 4న లెబనాన్ రాజధాని బీరూట్ రేవులో అమ్మోనియం నైట్రేట్ నిల్వలు పేలినప్పటి వీడియో. అసలు యుద్ధమే కాదు, ప్రమాదం. ఆ తెల్లటి గోదాములు ధాన్యం నిల్వ చేసేవి. నాలుగేళ్ళలో ఆ పేలుడును ఎన్ని దేశాల పేర్లతో పంపారో లెక్కలేదు.

పొద్దున లేవగానే ఎవరో చెబితే తెలిసి తీసేశాడు. అప్పటికే స్క్రీన్‌షాట్ అధికారుల దాకా వెళ్ళింది. వీడియో నిజమా అబద్ధమా అని వాణ్ణి ఒక్కరూ అడగలేదు. ఒక్కటే అడిగారు: "ఈ లైను మీరు రాసిందేనా?" అవునన్నాడు. కోడ్ అమల్లో ఉండగా ప్రభుత్వ ఉద్యోగి ప్రచారం చేశాడని సస్పెండ్ చేశారు. సస్పెన్షన్ కొన్ని నెలలకి ఎత్తేశారు, జీతం బకాయిలూ వచ్చాయి. కానీ పదకొండేళ్ళుగా వాడి బండి వెనక కూర్చుని బడికి వెళ్ళిన తోటి టీచరు ఇప్పుడు బస్సులో వెళ్తున్నాడు. "వాళ్ళకి" అన్న మాటలో తను కూడా ఉన్నాడని ఆయనకి అర్థమైంది. వాడు ఆయన్ని ఉద్దేశించి రాయలేదు. రాస్తున్నప్పుడు ఆయన గుర్తుకే రాలేదు.

నేను చూసిన ప్రతి గొడవలోనూ ఇదే జరిగింది. కొంప ముంచేది వీడియో కాదు. దూరపు యుద్ధాన్ని మన ఊరి ఓటుకి ముడిపెడుతూ మనం పైన రాసే ఆ ఒక్క లైను. వీడియో పంపితే "పొరపాటున పంపాను" అనొచ్చు. లైను పొరపాటున రాశాననడానికి లేదు. అది మీ వేళ్ళతో, మీ భాషలో, మీ పేరు కింద, టైముతో సహా ఉంటుంది.

అలాగని ఊరికే పంపితే ఏమీ కాదని అనుకోకండి. తమిళనాడులో నటుడు, మాజీ ఎమ్మెల్యే ఒకాయన 2018లో మహిళా జర్నలిస్టులను కించపరిచే పోస్టును చదవకుండా పంపానని కోర్టులో చెప్పుకున్నారు. పంపిన మెసేజ్ విల్లు నుంచి వదిలిన బాణం లాంటిదని 2023లో మద్రాసు హైకోర్టు అంది. సుప్రీంకోర్టు కూడా కేసు కొట్టేయలేదు. 2024 ఫిబ్రవరిలో ఆయనకి నెల రోజుల జైలుశిక్ష పడింది. చదవకుండా పంపినందుకే అంత జరిగితే, చదివి పైన మీ మాట కూడా కలిపితే ఏమవుతుందో ఆలోచించండి.

యుద్ధం వీడియో వచ్చినప్పుడు

రాత్రిపూట ఆకాశంలోకి వరసగా నిప్పు గీతలు, శబ్దం ఉండదు లేదా ఒకటే మోత, మనుషులు ఎక్కడా కనిపించరు, కెమెరా ఊగుతుంటుంది, బొమ్మ మసకగా ఉంటుంది. ఇవన్నీ కలిసి ఉంటే అది వీడియో గేమ్ కావచ్చు. ఆర్మా 3 అనే ఆట దృశ్యాలను ఉక్రెయిన్ యుద్ధమని, ఆ తర్వాత గాజా అని పంపారు. ఆ ఆట తయారు చేసిన బొహీమియా ఇంటరాక్టివ్ కంపెనీయే 2022 నవంబరులో ముందుకొచ్చి, మా ఆటని ఇలా గుర్తుపట్టండని ఈ గుర్తులు చెప్పింది. ఉక్రెయిన్ యుద్ధం మొదటి రోజుల్లో "కీవ్ దెయ్యం" అని ఒక పైలట్ శత్రువు విమానాలు కూల్చేస్తున్నట్టు తిరిగిన వీడియో కూడా ఆటలోదే. అలాంటి ఒక్క పైలట్ ఎవరూ లేరని తర్వాత ఉక్రెయిన్ వైమానిక దళమే ఒప్పుకుంది.

మనిషి కనిపించి మాట్లాడినా నమ్మడానికి లేదు. 2022 మార్చిలో ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ తన సైన్యాన్ని లొంగిపొమ్మంటున్నట్టు వీడియో వచ్చింది. తలకి, ఒంటికి పొంతన లేదు కాబట్టి జనం పట్టేశారు. ఇప్పుడొచ్చే నకిలీలు అంత మోటుగా ఉండవు.

వీడియో ఆపి, స్క్రీన్‌షాట్ తీసి, గూగుల్ లెన్స్‌లో వెతకండి. పాతదైతే చాలాసార్లు అక్కడే దొరికిపోతుంది. తెలుగులో ఫ్యాక్ట్‌లీ లాంటి వాళ్ళు ఇలాంటివే పరీక్షించి రాస్తుంటారు. ఇదంతా చేసే ఓపిక లేకపోతే పంపకండి, అంతే. పంపకపోయినందుకు కేసు పెట్టరు.

నిజమని తేలినా సరే, పైన లైను మాత్రం రాయకండి. నిజమైన వీడియో మీద రాసిన లైను కూడా మీ లైనే.

పార్టీ మాటకి యుద్ధం తోడైనప్పుడు

ఇది ఒక పార్టీ వాళ్ళే చేసే పని కాదు. 2022 మార్చి 2న ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో ఉన్న భారతీయులు సాయంత్రం ఆరింటిలోగా నగరం వదిలి వెళ్ళాలని మన ఎంబసీ చెప్పింది. అందులోంచి "మనవాళ్ళ కోసం ఆరు గంటలు యుద్ధం ఆపారు" అనే కథ పుట్టింది. అప్పుడు ఉత్తరప్రదేశ్‌లో పోలింగ్ నడుస్తోంది. అది సరికాదని మర్నాడే విదేశాంగ శాఖ ప్రతినిధి చెప్పారు. అయినా మోదీ యుద్ధం ఆపించారన్న మాట 2024 ప్రచారంలోకి మళ్ళీ వచ్చింది. ఖార్కివ్‌లో కర్ణాటక విద్యార్థి చనిపోయింది ఆ మార్చి 1నే అన్న సంగతి మాత్రం ఆ మెసేజ్‌లలో ఉండదు.

ఇంకో పక్క చూడండి. అదే 2024లో రిజర్వేషన్ల మీద అమిత్ షా మాటల్ని కత్తిరించి మార్చిన వీడియో తిరిగింది. తెలంగాణ కాంగ్రెస్ సోషల్ మీడియా విభాగం వాళ్ళు ఐదుగురిని హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు. పార్టీ పని చేసేవాళ్ళకి వెనక లాయర్లుంటారు, బెయిల్ తెస్తారు. మీకూ నాకూ ఎవరున్నారు?

ఎదుటి పక్షం అన్నదంతా అబద్ధమనుకోవడం కూడా ప్రమాదమే. "ఎన్నికలు అయ్యాక పెట్రోల్ పెంచుతారు" అని 2022 మార్చిలో మెసేజ్‌లు వస్తే మా గ్రూపులో చాలామంది పుకారని కొట్టిపారేశారు. నవంబరు నుంచి కదలని రేటు, ఫలితాలు వచ్చిన పన్నెండు రోజులకి, మార్చి 22న, కదిలింది. ఏప్రిల్ 6 నాటికి లీటరుకి 10 రూపాయలు పెరిగింది. మనవాళ్ళు చెప్పారా, వాళ్ళు చెప్పారా అన్నది చూసి నమ్మితే రెండు వైపులా మోసపోతాం.

గ్రూపు నడిపేవాళ్ళకి

సభ్యుడు పెట్టిన పోస్టుకి అడ్మిన్‌ను బాధ్యుణ్ణి చేయలేమని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది. ఆ ధైర్యంతో చూస్తూ కూర్చోకండి. గొడవ మొదలయ్యాక మీ ఫోన్ కూడా అడుగుతారు. పోలింగ్‌కి రెండు రోజుల ముందు నుంచి ఫలితాలు వచ్చిన రెండో రోజు వరకు, అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా సెట్టింగ్ మార్చేయండి. ఎవరైనా అలిగి వెళ్ళిపోతే పోనివ్వండి, తర్వాత మళ్ళీ చేర్చుకోవచ్చు. యుద్ధం వీడియో మీద ఓటు గురించి లైను కనిపించిన వెంటనే అడ్మిన్‌గా డిలీట్ చేయండి, ఆ మనిషికి ఫోన్ చేసి చెప్పండి. గ్రూపులో అందరి ముందూ తిట్టకండి. తిడితే వాడు ఇంకో లైను రాస్తాడు.

ఇక మిగిలినవి వరసగా చెప్పేస్తాను.

- రాత్రి పదిన్నర తర్వాత గ్రూపులో ఏమీ రాయకండి. నేను చూసిన చెడ్డ లైన్లన్నీ ఆ తర్వాత రాసినవే.
- రెండు బాణం గుర్తులు, "చాలాసార్లు ఫార్వర్డ్ చేయబడింది" అన్న మాట ఉంటే అక్కడే ఆగండి.
- స్టేటస్ కూడా పోస్టే. 24 గంటల్లో పోతుంది కదా అనకండి, స్క్రీన్‌షాట్ పోదు.
- ప్రభుత్వ ఉద్యోగులు, కాంట్రాక్టు వాళ్ళు, అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలు: కోడ్ ఉన్నన్నాళ్ళూ పార్టీ గ్రూపుల్లోంచి బయటికి రండి. లైక్ కూడా కొట్టకండి.
- పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలు ప్రచారం బంద్. మీ ఫోన్‌కి కూడా బంద్.
- మన దగ్గర ఓట్లు అయిపోయాయి కదా అని ఎగ్జిట్ పోల్ లెక్కలు పెట్టకండి. 2024లో మనకి మే 13న అయిపోయినా, నిషేధం జూన్ 1 సాయంత్రం ఆరున్నర వరకు ఉంది. శిక్ష రెండేళ్ళ వరకు.
- ఎన్నికల పేరుతో కులం, మతం, భాష మధ్య ద్వేషం రేపితే ప్రజాప్రాతినిధ్య చట్టం 125 సెక్షన్ కింద మూడేళ్ళ వరకు. భారతీయ న్యాయ సంహిత 196 సెక్షన్ కింద కేసు వేరే.
- శవాల ఫోటోలు పంపకండి. ఏ దేశం వాళ్ళవైనా.
- చనిపోయిన పిల్లల ఫోటో మీద ఓటు మాట రాయడం కన్నా నీచమైన పని ఈ సీజన్‌లో లేదు.
- వాయిస్ మెసేజ్ అయితే దొరకనని అనుకోకండి. అది మీ గొంతు.
- మెజారిటీల మీద పందేలు వద్దు.
- యుద్ధం జరిగే దేశంలో హెల్పర్ ఉద్యోగం, నెలకి లక్షలు అని వీడియో వస్తే ఎవరికీ పంపకండి. అలా రష్యా వెళ్ళిన హైదరాబాద్ యువకుడు 2024లో యుద్ధంలో చనిపోయాడు.
- నిజంగా డబ్బు పంచడం చూస్తే గ్రూపులో పెట్టకండి. ఎన్నికల సంఘం వాళ్ళ సీ-విజిల్ యాప్‌లో పెట్టండి, 100 నిమిషాల్లో చర్య తీసుకోవాలన్నది అక్కడి నియమం. లేదంటే 1950కి ఫోన్ చేయండి.
- ఇంట్లో పెద్దవాళ్ళ ఫోన్ చూడండి. వాళ్ళు మన మీద నమ్మకంతో పంపుతారు, మనం వాళ్ళ మీద నమ్మకంతో పంపుతాం. పుట్టింది ఎక్కడో ఎవరికీ తెలియదు.
- లైను రాయకండి.
- నవ్వు బొమ్మ కూడా లైనే.
- "ఇది నిజమేనా?" అని ప్రశ్న గుర్తు పెట్టి పంపితే తప్పించుకోవచ్చనుకోకండి. అది కూడా లైనే.

ఇప్పటికే రాసేసి ఉంటే: అందరికీ పోయేలా డిలీట్ చేయండి. అదే గ్రూపులో, "నేను పెట్టింది తప్పు, తీసేశాను" అని ఒక్క ముక్క పెట్టండి. కారణాలు చెప్పకండి, ఎవరు పంపారో చెప్పకండి. ఆ మాటతో ఎవరి మనసు నొచ్చుకుందో వాళ్ళ ఇంటికి వెళ్ళండి, ఫోన్‌లో కాదు. ఫోన్ రీసెట్ చేయకండి, పగలగొట్టకండి, సాక్ష్యం చెరిపేశారని ఇంకో నేరం మీద పడుతుంది. పోలీసులు నోటీసు ఇస్తే అది బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) 35(3) కింద, అంటే అరెస్టు చేయకుండా హాజరు కమ్మని ఇచ్చిందా చూడండి, కాపీ దగ్గర పెట్టుకోండి, చెప్పిన తేదీకి తప్పకుండా వెళ్ళండి. వెళ్ళకపోతే అరెస్టుకి దారి మీరే ఇచ్చినట్టు. ఒంటరిగా వెళ్ళకండి.

మా వీధి కుర్రాడికి నోటీసు వచ్చింది. రేపు పొద్దున పదింటికి, ఫోన్ తీసుకుని రమ్మన్నారు. వాడితో పాటు వాళ్ళమ్మ, నేను, ఒక లాయరు వెళ్తున్నాం.