యుద్ధం కథలు రాయడం – 4వ పాఠం: గాయం పక్కన ఏముంది?

గాయపడ్డ సైనికుడి మీద పది వాక్యాలు రాయమన్నాను కదా, వాటిని ముందు పెట్టుకోండి. ‘రక్తం’ అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. నేను మొదటిసారి రాసినప్పుడు ఆరుసార్లు వచ్చింది. రెండో వాక్యానికి ఒళ్లు జలదరిస్తుంది, ఐదో వాక్యానికి అలవాటైపోతుంది. చదివేవాళ్లకి అలవాటైపోయిందంటే కథ చెడినట్టే.

జర్మన్ రచయిత రెమార్క్ ఏం చేశాడో చూడండి. మొదటి ప్రపంచ యుద్ధంలో తనూ గాయపడ్డవాడే. 1929లో పుస్తకంగా వచ్చిన ‘ఆల్ క్వైట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్’లో కెమ్మెరిక్ అనే కుర్రాడు ఆసుపత్రిలో పడుంటాడు. కాలు తీసేశారు. ఆ సంగతి తెలీక, పాదం నొప్పెడుతోందంటాడు. చూడ్డానికొచ్చిన స్నేహితుల్లో ముల్లర్ కళ్లు మాత్రం అతని బూట్ల మీద పడతాయి. మెత్తటి తోలు, మంచి జత. ఇచ్చేస్తావా అని అడుగుతాడు కూడా.

ఇక్కడ ఆగండి. ముల్లర్ దుర్మార్గుడా? కాదు. తన బూట్లు పనికిరాకుండా పోయాయి, రేపు మళ్లీ ముందుకి నడవాలి, అంతే. మనలో చాలామంది ఈ సీన్ రాస్తే ముల్లర్‌ని విలన్ చేసేస్తాం. అప్పుడు కోపమంతా అతని మీదికి పోతుంది, యుద్ధం తప్పించుకుంటుంది. తెగిన కాలు గురించి రెమార్క్ పెద్దగా వర్ణించడు. రెండు బూట్లూ ఇంక అక్కర్లేని మనిషి దగ్గర ఆ జత ఉందన్న సంగతి చాలు.

రష్యన్ రచయిత గార్షిన్ 1877లో రాసిన ‘నాలుగు రోజులు’ ఇంకా చిన్నది, పూర్తిగా చదవండి. అతనూ ఆ ఏడాది టర్కీతో యుద్ధానికి వెళ్లి కాలికి దెబ్బ తిన్నాడు. కథలో గాయపడి కదల్లేని సైనికుడి పక్కనే ఒక శవం ఉంటుంది. ఆ టర్కీ సైనికుణ్ణి పొడిచింది తనే. దాహానికి తట్టుకోలేక దాని దగ్గరికి పాక్కుంటూ వెళ్లి, నడుముకున్న సీసాలో నీళ్లు తాగుతాడు. తను చంపినవాడి నీళ్లతోనే ప్రాణం నిలబెట్టుకుంటాడు.

అభ్యాసం: గాయపడ్డవాడు ఒకడు, వాడి వస్తువు ఒకటి, అది నిజంగా అవసరమైన ఇంకొకడు. పదిహేను వాక్యాలు. ‘రక్తం’, ‘బాధ’, ‘కేక’ అన్న మాటలు వాడకూడదు. ఆ వస్తువు జ్ఞాపకచిహ్నం కాకూడదు, ఉంగరాలూ ఫొటోలూ వద్దు. రేపటికి పనికొచ్చేదై ఉండాలి.