చిన్న నగరంలో సిటీ బస్సు: ముప్పై బస్సులతో ఎలా మొదలుపెట్టాలి

నాలుగు లక్షల జనాభా ఉన్న ఊరికి ముప్పై బస్సులు మంజూరయ్యాయని అనుకుందాం. మర్నాటి నుంచే ప్రతి కార్పొరేటరూ తన డివిజన్‌కు ఒక బస్సు అడుగుతారు. అందరినీ మెప్పించాలని పదిహేను రూట్లు గీసి, రూట్‌కు రెండేసి బస్సులు పంచిన చోట సిటీ బస్సు నిలబడదు. ఎందుకు నిలబడదో లెక్క వేస్తే తెలుస్తుంది.

రూట్ పొడవు 12 కిలోమీటర్లు, సగటు వేగం గంటకు 15 కిలోమీటర్లు. ఒకవైపు ప్రయాణానికి 48 నిమిషాలు, రానూపోనూ 96. రెండు చివర్లా ఆరేసి నిమిషాల విరామం కలిపితే ఒక రౌండ్‌కు 108 నిమిషాలు. ఆ రూట్‌లో రెండే బస్సులుంటే 54 నిమిషాలకొకటి వస్తుంది. అదే రోడ్డు మీద షేర్ ఆటో రెండు మూడు నిమిషాలకొకటి దొరుకుతుంటే అంతసేపు ఎవరూ ఎదురుచూడరు. తొమ్మిది బస్సులు పెడితే 12 నిమిషాలకొకటి వస్తుంది, టైమ్‌టేబుల్ చూడకుండానే జనం స్టాప్‌కు వస్తారు. కాబట్టి ముప్పైతో మూడు రూట్లే నడపండి: తిరిగేవి ఇరవై ఏడు, మరమ్మతులకూ అత్యవసరానికీ మూడు. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ ప్రమాణాల్లో మొదటి శ్రేణి రావాలంటే వెయ్యి మందికి 0.6 బస్సు ఉండాలి, అంటే ఈ ఊరికి 240. అట్టడుగు శ్రేణి దాటాలన్నా 80 కావాలి. ముప్పైతో ఊరంతా తిప్పడం ఎలాగూ కుదరదు. ఈ లెక్కను కౌన్సిల్ సమావేశంలో మొదటి రోజే బోర్డు మీద వేసి చూపించాలి.

రూట్ ఎంపిక

షేర్ ఆటోలు ఎక్కడ కిక్కిరిసి తిరుగుతున్నాయో అదే మీ మొదటి రూట్. పది పన్నెండు కూడళ్లలో ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా, ఒక మామూలు పనిదినం, ఒక సంత రోజు, మనుషుల్ని కూర్చోబెట్టి ఎటువైపు ఎన్ని ఆటోలు పోయాయో, ఒక్కోదాంట్లో ఎంతమంది ఉన్నారో రాయించండి. స్థానిక ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థులు చేయగల పనే. రైల్వే స్టేషన్, బస్టాండ్, పెద్దాసుపత్రి, కలెక్టరేట్, కాలేజీలు, కూరగాయల మార్కెట్ ఒకే వరుసలో పడే దారి దొరికితే వదలకండి. కాజీపేట నుంచి హనుమకొండ మీదుగా వరంగల్ స్టేషన్‌కు వెళ్లే దారి అలాంటిదే. ఆ తరహా ఊళ్లలో ఒక్క రూట్ సగం పని చేసిపెడుతుంది.

మార్గం గీశాక కాగితాన్ని నమ్మకండి. ఖాళీ బస్సు తీసుకుని ఉదయం 9 గంటలకు ఒకసారి, సాయంత్రం 6 గంటలకు ఒకసారి, వారం రోజులు నడపండి. వంగిన కరెంటు తీగలు, రోడ్డు మీదకొచ్చిన దుకాణాల రేకులు, బస్సు తిరగలేని మలుపులు అప్పుడే బయటపడతాయి. 12 మీటర్ల బస్సు వెనక్కి మళ్లడానికి సుమారు 12 మీటర్ల వ్యాసార్ధం కావాలి. పాత ఊళ్ల సందులకు 9 మీటర్ల బస్సే సరైనది. ఫ్లోర్ ఎత్తు 400, 650, 900 మిల్లీమీటర్లుగా దొరుకుతుంది. స్పీడ్ బ్రేకర్లకు లెక్కలేని, వానకు నీళ్లు నిలిచే రోడ్లలో 400 ఎత్తు బస్సు అడుగుభాగం నేలకు తగులుతుంది, 900 అయితే ముసలివాళ్లు మెట్లెక్కలేరు. చాలా ఊళ్లకు 650 మధ్యేమార్గం.

స్టాపులు 400 మీటర్లకు ఒకటి చొప్పున, కూడలి దాటాక 30 మీటర్ల అవతల పెట్టండి. కూడలికి ముందు పెడితే సిగ్నల్ కోసం ఆగిన బండ్ల వెనక బస్సు ఇరుక్కుంటుంది. రోడ్డు పక్కన గుంటలా తొలిచి బస్ బే కట్టకండి. అందులోకి వెళ్లిన బస్సును తిరిగి ట్రాఫిక్‌లోకి ఎవరూ రానివ్వరు, నెల తిరిగేసరికి అది ఆటోల అడ్డా అవుతుంది.

అనుమతి, ఒప్పందం

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో నగరపాలక సంస్థ సొంతంగా బస్సులు కొని రోడ్డెక్కించడం తేలిక కాదు. 1988 మోటారు వాహనాల చట్టం ఆరో అధ్యాయం కింద నోటిఫై చేసిన రూట్లలో, ఆ పథకం అనుమతిస్తే తప్ప ఆర్టీసీ కాని వారికి స్టేజి క్యారేజి పర్మిట్ (దారిలో ఎక్కించుకుంటూ దింపుతూ, టికెట్ తీసుకుని బస్సు నడిపే అనుమతి) రాదు. అందువల్ల మొదట ఆర్టీసీతో రాతపూర్వక ఒప్పందం కావాలి: బస్సులు ఎవరివి, లోటు ఎవరు భరిస్తారు, రూట్ మార్చే అధికారం ఎవరిది. ఇండోర్ 2005లో కార్పొరేషన్, అభివృద్ధి సంస్థ కలిసి కంపెనీ పెట్టుకుని మరుసటి ఏడాది బస్సులు నడిపింది. భువనేశ్వర్ 2018లో ‘మో బస్’ పేరుతో సిటీ బస్సులు మొదలుపెట్టింది. ఆ నమూనాలను తెచ్చుకునే ముందు ఇక్కడి పర్మిట్ పరిస్థితి చూసుకోవాలి.

ప్రైవేటు ఆపరేటర్‌తో నడిపిస్తే కిలోమీటరుకు ఇంత అని చెల్లించే గ్రాస్ కాస్ట్ పద్ధతే మేలు. టికెట్ డబ్బు ఆపరేటరుదే అయితే రద్దీ వేళ రెండు బస్సులు పోటీ పడి పరుగెత్తుతాయి, మధ్యాహ్నం ఒక్కటీ కనిపించదు. గ్రాస్ కాస్ట్‌లో డబ్బు మీ చేతికి వస్తుంది, కాబట్టి టికెట్ యంత్రాలు, తనిఖీ కూడా మీవే. జరిమానాలు కొన్నిటికే పెట్టి గట్టిగా అమలు చేయండి: ట్రిప్ ఎగ్గొట్టడం, స్టాప్‌లో ఆపకపోవడం, టైమ్ కంటే ముందే బయల్దేరడం. ఆలస్యం కంటే ముందు వెళ్లిపోవడమే పెద్ద తప్పు, సమయానికి వచ్చినవాడికి బస్సు దొరకదు. బిల్లు ఏ తేదీలోపు కట్టాలో రాసి, మూడు నెలల చెల్లింపు ఎస్క్రో ఖాతాలో (ఈ బిల్లులకు తప్ప వాడకూడని విడి ఖాతాలో) ముందే ఉంచండి. బిల్లులు ఆగితే ఆపరేటర్ మొదట మరమ్మతుల మీద కోత పెడతాడు.

లోటు

ఈ ఇరవై ఏడు బస్సులూ రోజుకు తలా 190 కిలోమీటర్ల పైచిలుకు తిరిగితే మొత్తం 5,200 కిలోమీటర్లు. ఉదాహరణకు ఖర్చు కిలోమీటరుకు 65 రూపాయలు, రాబడి 40 అనుకోండి. రోజుకు 1.3 లక్షలు, ఏడాదికి సుమారు 4.75 కోట్ల లోటు. ఈ సొమ్ము ఎక్కడిదో బడ్జెట్‌లో పద్దు పేరుతో సహా ఉండాలి: పార్కింగ్ ఫీజు, హోర్డింగుల ఆదాయం, భవన అనుమతుల రుసుములో ఒక వాటా. 2009లో కేంద్ర పట్టణ పునరుద్ధరణ పథకం జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం కింద బస్సులు కొనడానికి డబ్బిచ్చారు, నడపడానికి ఇవ్వలేదు. చాలా ఊళ్లలో ఆ బస్సులు షెడ్లలో తుప్పుపట్టాయి. 2023లో ఆమోదించిన కేంద్ర విద్యుత్ బస్సుల పథకం పీఎం ఈ-బస్ సేవ ఆ లోపాన్ని కొంత దిద్దింది: కిలోమీటరుకు 12 మీటర్ల బస్సుకు 24, తొమ్మిది మీటర్లదానికి 22, ఏడు మీటర్లదానికి 20 రూపాయల సాయం. దానికి కాలపరిమితి ఉంది కాబట్టి సొంత నిధిని మొదటి ఏడాది నుంచే కూడబెట్టాలి.

మహిళల ఉచిత ప్రయాణం ఉన్నందువల్ల ప్రతి జీరో టికెట్టూ యంత్రంలో పడాలి. పడని టికెట్‌కు ప్రభుత్వం నుంచి డబ్బు రాదు, రద్దీ ఎంతో కూడా తెలియదు. మిగతా ఛార్జీలు ఐదు గుణిజాల్లో ఉంచితే చిల్లర గొడవ తగ్గుతుంది. కనీస ఛార్జీ షేర్ ఆటో కంటే మించకూడదు.

డిపో, కరెంటు, మనుషులు

విద్యుత్ బస్సులైతే ముందుగా కదలాల్సింది కరెంటు దరఖాస్తు. 9 మీటర్ల ఏసీ బస్సుకు కిలోమీటరుకు ఒక యూనిట్ చొప్పున, చార్జింగ్ నష్టంతో కలిపి ఇరవై ఏడు బస్సులకూ రాత్రికి ఆరు వేల యూనిట్ల దాకా పడుతుంది. రాత్రి 11 నుంచి ఉదయం 5 లోపు ఎక్కించాలంటే వెయ్యి కిలోవాట్ల లోడ్, అంటే 11 కేవీ హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్. లైను, ట్రాన్స్‌ఫార్మర్లు రావడానికి నెలలు పడుతుంది. బస్సులు వచ్చాక దరఖాస్తు పెడితే అవి ఎండలో నిలబడతాయి. డిపో స్థలం రూట్ చివరకు దగ్గరగా చూడండి. ఊరవతల చవకగా దొరికిందని తీసుకుంటే రోజూ ఖాళీగా తిరిగే కిలోమీటర్లు పెరుగుతాయి.

రెండు షిఫ్టులకు రోజుకు 54 మంది డ్రైవర్లు. వారానికో సెలవు కలిపితే 63, ఇతర సెలవులకు మరో ఐదారుగురు. ఇక్కడ పొదుపు చేస్తే మొదట ఆదివారం ట్రిప్పులు రద్దవుతాయి.

ప్రారంభానికి నెల ముందే ఆటో యూనియన్లను పిలిచి మాట్లాడండి. మెయిన్ రోడ్డు నుంచి కాలనీల్లోకి వెళ్లే దారులు వాళ్లవి, మెయిన్ రోడ్డు మీద స్టాప్‌కు ఇటూ అటూ 25 మీటర్లు బస్సువి. ఈ మాట కుదరకుండా పోలీసులతో ఖాళీ చేయించిన స్టాపులు వారంలో మళ్లీ నిండుతాయి.

మొదటి మూడు నెలలు రూట్లు మార్చకండి. జనానికి అలవాటు పడే సమయం ఇవ్వాలి. జీపీఎస్ సమాచారం చూసి ట్రిప్ సమయాలను మాత్రం ప్రతి వారం సరిచేయండి, సాయంత్రం 48 నిమిషాలు చాలకపోతే 55 ఇవ్వండి. అప్పుడు రౌండ్ 122 నిమిషాలవుతుంది, 12 నిమిషాల ఎడం నిలవాలంటే పది బస్సులు కావాలి. బస్సు లేకపోతే ఎడాన్ని 14 చేసి స్టాపుల్లో ఆ మార్పు రాసి అతికించండి.