స్కాలర్‌షిప్ మీద బెంగళూరులో లా చదువు: అడ్మిషన్ నుంచి బార్ పరీక్ష దాకా

నాగరబావిలోని నేషనల్ లా స్కూల్ కావచ్చు, జ్ఞానభారతిలోని యూనివర్సిటీ లా కాలేజీ కావచ్చు, హుబ్బళ్లి నుంచి నడిచే కర్ణాటక స్టేట్ లా యూనివర్సిటీ కింద ఊళ్లో ఉన్న ఏ కాలేజీ అయినా కావచ్చు. స్కాలర్‌షిప్ మీద చదివే తెలుగు పిల్లలకు మార్కులు తగ్గి జరిగే నష్టం కంటే తేదీ దాటిపోయి, కాగితంలో పేరు కలవక జరిగే నష్టమే ఎక్కువ. పైగా జడ్జి కావాలన్నా, కలెక్టర్ కావాలన్నా రేపు అడిగేవీ ఇవే కాగితాలు. అందుకే మొదలు ఇక్కడి నుంచే.

పేరు, ఖాతా

మన దగ్గర ఇంటిపేరు ముందు రాస్తాం. చిక్కంతా అక్కడే పుడుతుంది. పదో తరగతి మెమోలో 'కె. వెంకటలక్ష్మి' అని, ఆధార్‌లో 'కొండూరు వెంకట లక్ష్మి' అని, బ్యాంకు పుస్తకంలో 'వెంకటలక్ష్మి కొండూరు' అని ఉంటుంది. మనిషికి ఇవన్నీ ఒకటే, కంప్యూటర్‌కు ముగ్గురు. పదో తరగతి మెమోనే ప్రామాణికంగా పెట్టుకుని మిగతావాటిని దానికి సరిచేయండి. ఇంగ్లిష్ స్పెల్లింగే కాదు, మధ్యలో ఖాళీ ఉందో లేదో కూడా చూడాలి. ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి జీవితం మొత్తానికి 2 అవకాశాలే ఉన్నాయి, కాబట్టి మెమో ముందు పెట్టుకుని ఒక్కసారే సరిచేయించండి. దిద్దడం కుదరని తేడా మిగిలితే, రెండు పేర్లూ ఒకే మనిషివని స్టాంపు కాగితం మీద అఫిడవిట్ రాయించి, నోటరీ చేయించి, 2 ఒరిజినళ్లు దాచండి. ఒకటి ఎక్కడో ఒక ఆఫీసులో ఉండిపోతుంది.

తర్వాత ఖాతా. ఆధార్‌ను ఖాతాకు లింక్ చేయడం వేరు, ప్రభుత్వ డబ్బు పడేందుకు సీడ్ చేయడం (డబ్బు ఈ ఖాతాకే రావాలని నమోదు) వేరు. ఎన్ని ఖాతాలకు లింక్ ఉన్నా ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే జాతీయ సంస్థ) దగ్గర సీడ్ అయి ఉండేది ఒక్క ఖాతానే, చివరిసారి ఏది సీడ్ చేయిస్తే అదే. బెంగళూరు వచ్చాక హాస్టల్ పక్కన కొత్త ఖాతా తెరిచి, అప్లికేషన్‌లో ఆ నంబరే రాసి, డబ్బు రాలేదని 6 నెలలు ఎదురుచూసేవాళ్లుంటారు. ఆ డబ్బు అప్పటికే ఊళ్లో ఇంటర్‌లో తెరిచిన ఖాతాలో పడి ఉంటుంది. ఆ ఖాతా వాడక మూలపడి ఉంటే వెనక్కే పోతుంది. మైఆధార్ సైట్‌లో 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' నొక్కితే ఇప్పుడు ఏ బ్యాంకు ఉందో కనిపిస్తుంది. మార్చాలంటే కొత్త బ్యాంకులో సీడింగ్ సమ్మతి ఫారం ఇచ్చి, వారం తర్వాత మళ్లీ చూడండి. ఇదంతా అప్లికేషన్ పెట్టకముందే అయిపోవాలి.

ఏ స్కాలర్‌షిప్, ఎవరిస్తారు

ఎస్సీ విద్యార్థులకు కేంద్రం ఇచ్చే టాప్ క్లాస్ పథకం గురించి మన పిల్లల్లో చాలామందికి తెలియదు. ప్రకటించిన సంస్థల జాబితాలో జాతీయ లా యూనివర్సిటీలున్నాయి. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండాలి. ట్యూషన్ ఫీజు కాక, పుస్తకాలకు, ల్యాప్‌టాప్‌కు, బతకడానికి కలిపి మొదటి ఏడాది 86,000, ఆ తర్వాత ఏటా 41,000 రూపాయలు వస్తాయి. సంస్థకు ఇన్ని సీట్లని పరిమితి ఉంటుంది కాబట్టి చేరిన వారంలోనే ఆఫీసులో అడగాలి. 41,000 అంటే నెలకు 3,400 పైచిలుకు. పైగా అది నెలనెలా రాదు. మొదటి ఏడాది డబ్బంతా ఖరీదైన ల్యాప్‌టాప్‌కు పోస్తే రెండో ఏడాది మెస్ బిల్లుకు అప్పు తప్పదు. ఈ పనికి పాత ల్యాప్‌టాప్ చాలు, టైపు చేయడం, పీడీఎఫ్ చదవడం తప్ప లాలో దానితో పనేముంది? ఇంకో షరతు: పై తరగతికి వెళ్లలేకపోతే ఈ డబ్బు ఆగిపోతుంది.

పదో తరగతి తర్వాతి చదువులకిచ్చే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ సంగతి వేరు. ఎస్సీలకు ఆదాయ పరిమితి 2.5 లక్షలు. చదువు కర్ణాటకలోనైనా ఇవ్వాల్సింది సొంత రాష్ట్రమే. అంటే తెలంగాణ వాళ్లకు ఈపాస్ వెబ్‌సైట్, ఆంధ్ర వాళ్లకు జ్ఞానభూమి వెబ్‌సైట్. అక్కడ కాలేజీ జాబితాలో మీ కాలేజీ పేరు కనిపించకపోతే ఫారం ముందుకు కదలదు. కాలేజీ గుర్తింపు పత్రం, ఏఐఎస్‌హెచ్‌ఈ కోడ్ (ఉన్నత విద్య సర్వేలో కాలేజీకి కేంద్రం ఇచ్చే నంబరు) తీసుకుని సొంత జిల్లా సంక్షేమ శాఖ ఆఫీసుకు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఫోన్లో చెప్పిన మాటకు తేదీ ఉండదు.

కులం సర్టిఫికెట్ విషయంలో బెంగళూరులో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు బాగా పొరబడతాయి. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వలస వచ్చినంత మాత్రాన ఎస్సీ, ఎస్టీ హోదా కొత్త రాష్ట్రంలో రిజర్వేషన్‌కు పనికిరాదని సుప్రీంకోర్టు 1990లోనే తేల్చింది. సొంత రాష్ట్రపు సర్టిఫికెట్ కేంద్ర పథకాలకు పనికొస్తుంది, కర్ణాటక రాష్ట్ర కోటాకు కాదు.

నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఫారం నింపి 'డ్రాఫ్ట్'లో వదిలేయడం మామూలు తప్పు. ఫైనల్ సబ్మిట్ అయ్యాక కాలేజీలో స్కాలర్‌షిప్‌ల పని చూసే నోడల్ అధికారి మొదటి పరిశీలన చేయాలి, ఆ పైన ఇంకో పరిశీలన ఉంటుంది. తప్పుంటే 'డిఫెక్టివ్' అని వెనక్కి వస్తుంది, దిద్దడానికి విడిగా గడువు ఉంటుంది. ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. ప్రతి సోమవారం స్టేటస్ చూసి స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఇంకొక్క పని ఊరెళ్లినప్పుడు చేసుకోండి. ఒకటి నుంచి పదో తరగతి దాకా ఏ ఏడాది ఎక్కడ చదివారో స్కూళ్ల నుంచి స్టడీ సర్టిఫికెట్లు తెచ్చుకోండి. తెలంగాణ ఉద్యోగాల్లో స్థానికత 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడు తరగతుల చదువును బట్టి తేలుతుంది. అంటే డిగ్రీ బెంగళూరులో చదివినంత మాత్రాన స్థానికత పోదు, కాగితం లేకపోతే పోతుంది. స్కూలు మూతపడితే ఆ రికార్డు కోసం మండల విద్యాధికారి ఆఫీసు చుట్టూ తిరగాలి.

కోర్టులో ఏం చూడాలి

బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం అయిదేళ్ల కోర్సులో 20 వారాలు, మూడేళ్ల కోర్సులో 12 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. ఏ ఏడాదిలోనూ ఏకబిగిన 4 వారాలకు మించకూడదు. కింది కోర్టులో విచారణ (ట్రయల్) నడిపే వకీళ్ల దగ్గర, అప్పీళ్లు వాదించే వకీళ్ల దగ్గర ఒక్కసారైనా చేసి ఉండాలి. పెద్ద లా ఫర్మ్ పేరు రెజ్యూమెలో బాగానే ఉంటుంది. కానీ ప్రజాసేవ వైపు పోయేవాళ్లు మొదటి 4 వారాలు కె.జి. రోడ్డు సిటీ సివిల్ కోర్టులోనో, మేయో హాల్ కోర్టుల్లోనో గడపడం మేలు. విధాన సౌధ ఎదుట 1860లలో కట్టిన ఎర్ర కట్టడం అఠారా కచేరీలో హైకోర్టు ఉంది. అక్కడ వాదనలు చక్కగా వినబడతాయి, కానీ సాక్షి బోనెక్కడం చూడాలంటే కింది కోర్టుకే పోవాలి.

వెళ్లి ఊరికే కూర్చుంటే నిద్ర వస్తుంది. ఒకే ఒక్క కేసు పట్టుకోండి. ప్రతి కేసుకూ 16 అక్షరాలు, అంకెల సీఎన్‌ఆర్ నంబరుంటుంది. మొదట 'కేఏ' అంటే కర్ణాటక, చివరి 4 అంకెలు సంవత్సరం. ఈకోర్ట్స్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఇప్పటిదాకా పడిన వాయిదాలన్నీ తేదీలతో వస్తాయి. నోటుబుక్కులో ఒక పేజీకి ఒక వాయిదా రాయండి: తేదీ, దశ, ఎవరొచ్చారు, ఏం జరిగింది, ఎందుకు వాయిదా పడింది, తర్వాతి తేదీ. సమన్లు అందలేదా, సాక్షి రాలేదా, వకీలు గడువు అడిగారా, జడ్జి సెలవా? 10 పేజీలు నిండేసరికి కేసులు ఎందుకు సాగుతాయో పుస్తకం చెప్పనంతగా తెలుస్తుంది. ఇంటర్వ్యూలో పెండింగ్ కేసుల మీద ప్రశ్న వస్తే ఆ పేజీలే మాట్లాడతాయి.

భాషకు భయపడనక్కర్లేదు. కింది కోర్టుల్లో సాక్ష్యం కన్నడంలో నడుస్తుంది. లిపి మన లిపికి తోబుట్టువు. క, త, శ లాంటి తేడా ఉన్న అక్షరాలు, తలకట్టు ఒక వారం దిద్దితే బోర్డులు చదివేస్తారు. వాది, ప్రతివాది, సాక్షి, తీర్పు రెండు భాషల్లోనూ ఉన్నవే. అలాగని తెలుగు వదలకండి. మన రాష్ట్రాల్లో జడ్జి పరీక్షకు తెలుగు నుంచి ఇంగ్లిష్‌కు, ఇంగ్లిష్ నుంచి తెలుగుకు అనువాదం చేయగలగాలి. వారానికి ఒక తీర్పులో ఒక పేరా అటూ ఇటూ రాయండి.

రెండు చట్టాలూ

ఐపీసీ (నేరాలు, శిక్షలు), సీఆర్‌పీసీ (నేర విచారణ పద్ధతి), పాత సాక్ష్య చట్టాల బదులు వరుసగా భారతీయ న్యాయ సంహిత, నాగరిక సురక్షా సంహిత, సాక్ష్య అధినియం 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకుముందు జరిగిన నేరాలకు ఇప్పటికీ ఐపీసీయే. అందువల్ల ఇంకా చాలా ఏళ్లు రెండూ కావాలి. పాత నంబరు పక్కన కొత్తది రాసుకున్న ఒక్క కాగితం బల్ల మీద ఉంచండి: హత్యకు 302 పోయి 103, మోసానికి 420 పోయి 318(4), భార్యను హింసించడానికి 498ఎ పోయి 85. ఎఫ్‌ఐఆర్‌కు సీఆర్‌పీసీ 154 బదులు 173, ముందస్తు బెయిలుకు 438 బదులు 482. ఇక్కడే బోల్తా పడతారు: పాత కోడ్‌లో 482 అంటే హైకోర్టు స్వతస్సిద్ధ అధికారం, అది ఇప్పుడు 528. తీర్పు చదివేటప్పుడు ముందు నేరం తేదీ, పిటిషన్ వేసిన తేదీ చూడండి.

జడ్జి, సివిల్స్, జీతం

2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు 3 ఏళ్ల ప్రాక్టీసు ఉండాలి. బార్ కౌన్సిల్‌లో వకీలుగా తాత్కాలికంగా పేరు నమోదైన (ఎన్‌రోల్‌మెంట్) తేదీ నుంచి లెక్క. జడ్జి దగ్గర లా క్లర్కుగా చేసిన కాలం కలుస్తుంది. కంపెనీలో పూర్తికాలపు జీతం ఉద్యోగం చేస్తూ వకీలుగా ప్రాక్టీసు చేయకూడదు, కాబట్టి ఆ ఏళ్లు ఇందులో కలవవు. ఎడ్యుకేషన్ లోన్ తీర్చడానికి 2 ఏళ్లు కంపెనీకి వెళ్దామనుకునేవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి. ప్రాక్టీసులో ఉన్నవాళ్లు తమ పేరున్న వకాలత్తుల (కక్షిదారు తన తరఫున వాదించమని రాసిచ్చే పత్రాల) కాపీలు, హాజరు నమోదైన ఆర్డర్ షీట్లు మొదటి రోజు నుంచీ దాచాలి. సర్టిఫికెట్ ఇవ్వాల్సింది ప్రిన్సిపల్ జ్యుడీషియల్ అధికారి, లేదా ఆయన ఆమోదంతో 10 ఏళ్ల అనుభవమున్న వకీలు. నోటిఫికేషన్ వచ్చాక వెతికితే ఆధారాలు దొరకవు.

సివిల్స్‌లో లా ఆప్షనల్‌కు రాజ్యాంగం, అంతర్జాతీయ చట్టం, నేరాలు, టార్టులు (పరిహారం అడగగల పౌర తప్పులు), కాంట్రాక్టులు క్లాసులో చదివినవే. ప్రిలిమ్స్‌లో ఒక్క పేపర్ రాసినా ఒక ప్రయత్నం ఖర్చయినట్టే. జనరల్ వాళ్లకు ఉన్నవి 6. 'ఊరికే చూద్దాం' అని చివరి ఏడాది సెమిస్టర్ పరీక్షల మధ్య రాసి అటూ ఇటూ చెడగొట్టుకోకండి. చట్టసభల పని మీద ఆసక్తి ఉంటే చట్టసభల మీద పరిశోధన చేసే పీఆర్‌ఎస్ సంస్థ నడిపే లాంప్ ఫెలోషిప్‌లో ఒక ఎంపీ దగ్గర పనిచేయొచ్చు. బెంగళూరులోనే దక్ష్ లాంటి సంస్థలు కోర్టుల పనితీరు మీద పరిశోధన చేస్తాయి.

ఎన్‌రోల్‌మెంట్‌కు రాష్ట్ర బార్ కౌన్సిళ్లు ఇష్టమొచ్చినంత వసూలు చేయకూడదని 2024 జులై 30న సుప్రీంకోర్టు చెప్పింది. చట్టంలో ఉన్నది జనరల్ వాళ్లకు మొత్తం 750, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు, స్టాంపు డ్యూటీ ఉంటే అది అదనం. వేరే పేర్లతో ఇంకా అడిగితే రసీదు మీద ఏ పద్దు కిందో రాయించుకోండి. ఇక వకీలుగా ప్రాక్టీసుకు కావాల్సిన ఆలిండియా బార్ పరీక్ష: 100 ప్రశ్నలు, మైనస్ మార్కుల్లేవు, జనరల్, ఓబీసీలకు 45 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం రావాలి. బేర్ యాక్ట్‌లు (వ్యాఖ్యానం లేకుండా చట్టం మాత్రమే ఉన్న పుస్తకాలు) లోపలికి తీసుకెళ్లొచ్చు, కానీ వాటిలో నోట్సు ఉండకూడదు. అయిదేళ్లు పెన్సిల్‌తో గీసిన మీ పుస్తకం గేటు దగ్గరే ఆగిపోతుంది. పరీక్షకు ఏమీ రాయని కొత్త కాపీలు విడిగా కొని, 2 వారాల ముందే వాటిలో సెక్షన్లు ఎక్కడున్నాయో చేతికి అలవాటు చేసుకోండి.